మూత్రం.. ముందే చెబుతుంది!

మధుమేహం ఉందని మూడు నెలలకోసారి చక్కెర పరీక్ష చేయించుకుంటాం. బీపీ కొలిచే మిషన్‌ను ఇంట్లోనే పెట్టుకుంటాం. అదే ల్యాబ్‌లో చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి మూత్రం పట్టివ్వమంటే మాత్రం ‘రక్తం ఇచ్చాం కదా, మళ్లీ ఇదెందుకు?’ అని దాటేస్తాం. నిజానికి మధుమేహం, బీపీ మూలంగా కిడ్నీలు దెబ్బతినటం మొదలైతే చాలామందిలో తొలి కబురు అందేది రక్తంలోంచి కాదు, మూత్రంలోంచే! ఒంట్లో ఏ బాధా లేనప్పుడు, క్రియాటినిన్ మామూలుగా ఉన్నప్పుడే మూత్రం ఆ సంగతిని బయటపెడుతుంది. ఆ కబురును అందుకోగలిగితే కిడ్నీలను కాపాడుకోవటానికి ఏళ్ల తరబడి వ్యవధి దొరుకుతుంది. అందుకే మూత్రం ఎలా తయారవుతుంది? దాని రంగు, నురగ ఏం చెబుతాయి? పరీక్ష రిపోర్టును ఎలా అర్థం చేసుకోవాలి? అన్నది ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండటం అవసరం.

రోజుకు 180 లీటర్ల వడపోత

నడుముకు కాస్త పైన, వెన్నెముకకు అటూ ఇటూ, చివరి పక్కటెముకల చాటున ఉంటాయి కిడ్నీలు. ఆకారం చిక్కుడు గింజలా ఉంటుంది. ఒక్కోటీ మన పిడికిలంత. బరువు సుమారు 150 గ్రాములు. చూడటానికి చిన్నవే గానీ గుండె పంపించే రక్తంలో దాదాపు ఐదో వంతు వీటికే వెళ్తుంది. అంటే నిమిషానికి లీటరుకు పైనే!

ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ఇవే అసలు పనివాళ్లు. ప్రతి నెఫ్రాన్ మొదట్లో అతి సన్నటి రక్తనాళాల ఉండ ఒకటి ఉంటుంది. ఇది జల్లెడలా పనిచేస్తుంది. రక్తకణాలనూ, ఆల్బుమిన్ వంటి పెద్ద ప్రోటీన్లనూ కిందికి పోనివ్వదు. నీళ్లు, లవణాలు, గ్లూకోజు, యూరియా, క్రియాటినిన్ వంటివి మాత్రం దీనిలోంచి దిగిపోతాయి. ఇలా రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడపోతకు గురవుతుంది. ఇదంతా బయటికే పోయేదైతే మనం రోజూ 20 లీటర్ల నీళ్ల క్యాన్లు తొమ్మిది తాగాల్సి వచ్చేది!

అలా జరగకుండా చూసేది నెఫ్రాన్‌లోని గొట్టం భాగం. వడపోతలో దిగిన నీటిలో దాదాపు 99 శాతాన్ని ఇది తిరిగి రక్తంలోకి లాగేసుకుంటుంది. గ్లూకోజునూ, ఒంటికి కావాల్సిన లవణాలనూ వెనక్కి తీసుకుంటుంది. అక్కర్లేని వ్యర్థాలను వదిలేస్తుంది. చివరికి మిగిలేది రోజుకు ఒకటిన్నర, రెండు లీటర్లు. అదే మూత్రం.

ఎంత నీటిని వదలాలి, ఎంత పట్టి ఉంచాలన్నది మెదడు నుంచి వచ్చే వాసోప్రెసిన్ హార్మోన్ నిర్ణయిస్తుంది. రోహిణి కార్తె ఎండలో తిరిగొచ్చిన రోజు మూత్రం చిక్కగా, కొద్దిగా రావటానికి కారణం ఇదే. నీళ్లు తగ్గాయని గ్రహించి ఒళ్లు పొదుపు చేస్తోందన్నమాట. రాత్రిపూట ఈ హార్మోన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టే ఉదయం తొలి మూత్రం కాస్త ముదురు రంగులో ఉంటుంది.

కిడ్నీల పని వడపోత ఒక్కటే కాదు. రక్తపోటును అదుపులో ఉంచటం, ఎర్రరక్తకణాలు తయారయ్యేలా ఎముక మజ్జకు సంకేతం పంపటం, విటమిన్ డిని ఒళ్లు వాడుకోగలిగేలా మార్చటం కూడా వీటి పనే. అందుకే కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో బీపీ పెరగటం, రక్తహీనత, ఎముకల బలహీనత కనిపిస్తుంటాయి.

దారిలో తేడా.. జబ్బుల్లోనూ తేడా

కిడ్నీల్లో తయారైన మూత్రం 25-30 సెంటీమీటర్ల పొడవుండే సన్నటి నాళాల ద్వారా మూత్రాశయంలోకి చేరుకుంటుంది. ఈ నాళాలు ఊరికే గొట్టాల్లా ఉండవు. ముడుచుకుంటూ, వదులవుతూ మూత్రాన్ని కిందికి నెడుతుంటాయి. రాయి ఈ నాళంలో ఇరుక్కున్నప్పుడు విలవిల్లాడించే నొప్పి వచ్చేది ఇందుకే.

మూత్రాశయంలో 150-200 మిల్లీలీటర్లు చేరేసరికి వెళ్లాలన్న భావన మొదలవుతుంది. 400-500 మిల్లీలీటర్ల వరకూ అది పట్టి ఉంచగలదు. అలాగని అదే పనిగా ఆపుకోవటం మంచిది కాదు. బడిలో, ఆఫీసులో టాయిలెట్ బాగుండదని పొద్దుటి నుంచీ నీళ్లే తాగకుండా గడిపే ఆడపిల్లలు, మహిళలు మన ఇళ్లలో ఎందరో. మహిళల్లో మూత్రమార్గం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే. పురుషుల్లో దాదాపు 20 సెంటీమీటర్లు. దారి పొట్టిది కావటంతో మహిళల్లో బ్యాక్టీరియా తేలికగా మూత్రాశయంలోకి చేరిపోతుంది. దీనికి నీళ్లు తాగకపోవటం, ఆపుకోవటం తోడైతే ఇన్‌ఫెక్షన్ల బెడద మరింత పెరుగుతుంది. పురుషుల సమస్య వేరు. మూత్రమార్గం చుట్టూ ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. వయసుతో పాటు ఇది ఉబ్బుతూ దారిని నొక్కేస్తుంటుంది. ధార సన్నబడటం, రాత్రి పదే పదే లేవాల్సి రావటం దీని గుర్తులే.

చెంచా, కొవ్వొత్తితో మొదలైన పరీక్ష

మూత్రాన్ని చూసి జబ్బు పోల్చుకోవటం పాత విద్యే. మూత్రం తియ్యగా మారటాన్నీ, దానికి చీమలు పట్టటాన్నీ మన ప్రాచీన వైద్యులు ఏనాడో గుర్తించారు. ‘మధుమేహం’ అన్న పేరే అలా వచ్చింది. ఆ తీపికి కారణం చక్కెరేనని 1776లో ఇంగ్లండ్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ మూత్రాన్ని ఆవిరి చేసి నిరూపించారు.

కిడ్నీ జబ్బుల విషయంలో మలుపు 1827లో వచ్చింది. లండన్‌లోని గైస్ హాస్పిటల్‌లో పనిచేసే డాక్టర్ రిచర్డ్ బ్రైట్ ఒళ్లు వాచిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి, కొవ్వొత్తి మంట మీద కాచి చూశారు. కొందరి మూత్రం కోడిగుడ్డు తెల్లసొనలా తెల్లగా గడ్డకట్టింది. అలాంటి వారు చనిపోయాక పరిశీలిస్తే కిడ్నీలు పాడైపోయి కనిపించాయి. మూత్రంలో ఆల్బుమిన్ కనబడటానికీ, కిడ్నీ జబ్బుకూ ముడి ఉందని అలా తేలింది. మూత్రంలో ‘సుద్ద పోతోంది’ అని మనం అనుకునేది ఈ ఆల్బుమిన్ గురించే.

ఆల్బుమిన్ రక్తంలో ఉండాల్సిన ప్రోటీన్. రంధ్రాలు పెద్దవైన జల్లెడలోంచి రవ్వ జారిపోయినట్టు, కిడ్నీ వడపోత పొర దెబ్బతింటే ఇది మూత్రంలోకి జారిపోతుంది. ఏళ్ల తరబడి అదుపు తప్పిన చక్కెర, అధిక రక్తపోటు ఈ పొరను మెల్లమెల్లగా దెబ్బతీస్తుంటాయి. జబ్బు ముదిరే వరకూ ఆగకుండా ఆదిలోనే దీన్ని పట్టుకోవటం ఇప్పుడు తేలిక.

క్రియాటినిన్ బాగుంది కదా!

చాలామంది ధైర్యం ఇదే. కానీ ఈ ధైర్యం అన్నిసార్లూ నిజం కాదు. కిడ్నీలకు మిగులు సామర్థ్యం ఎక్కువ. ఒక కిడ్నీని దానం చేసినవారు కూడా హాయిగా జీవిస్తున్నారంటే ఇదే కారణం. అయితే ఈ వరమే ఒక రకంగా చిక్కు తెచ్చిపెడుతోంది. కొన్ని నెఫ్రాన్లు పాడైతే మిగతావి వాటి పనిని కూడా భుజాన వేసుకుంటాయి. దీంతో సామర్థ్యం సగం దాకా పడిపోయినా రక్తంలో క్రియాటినిన్ పెద్దగా పెరగకపోవచ్చు. కాళ్ల వాపు, ఆకలి తగ్గటం, వికారం, ఆయాసం వంటివి మొదలయ్యేసరికి జబ్బు బాగా ముదిరిపోయి ఉంటుంది.

ఇంకో సంగతి. క్రియాటినిన్ మన కండరాల నుంచి పుడుతుంది. కండ పట్టిన పాతికేళ్ల యువకుడికి 1.1 ఉంటే ఏమీ కాదు. సన్నగా ఉన్న డెబ్బై ఏళ్ల బామ్మకు అదే 1.1 ఉంటే కిడ్నీల పని తగ్గిందని అర్థం కావచ్చు. అందుకే వయసు, ఆడా మగా అన్నవి కూడా లెక్కలోకి తీసుకుని వడపోత వేగాన్ని అంచనా వేస్తారు. రిపోర్టులో ఈ-జీఎఫ్‌ఆర్ అని ఉండేది ఇదే. ఇది మూడు నెలలకు మించి 60 కన్నా తక్కువ ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా భావిస్తారు.

అడిగి చేయించుకోవాల్సిన పరీక్ష

మామూలు మూత్ర పరీక్షలో కాగితం పట్టీ ముంచి చూస్తారు. ఆల్బుమిన్ కాస్త ఎక్కువగా పోతుంటేనే ఇది పట్టుకుంటుంది. కొద్దికొద్దిగా పోతున్నప్పుడు ‘నిల్’ అనే రావచ్చు. ఆ కొద్దిపాటి సుద్దను పట్టుకునేది యూరిన్ ఏసీఆర్ పరీక్ష. ఇందులో ఆల్బుమిన్‌ను క్రియాటినిన్‌తో పోల్చి లెక్కిస్తారు. రోజంతా మూత్రం పట్టాల్సిన పని లేదు. ఒక్క నమూనా చాలు. ఉదయం తొలి మూత్రమైతే మరీ మంచిది.

* 30 లోపు: మామూలు.
* 30 నుంచి 300: సుద్ద పోవటం మొదలైంది. జాగ్రత్త పడాల్సిన సమయమిదే.
* 300 పైన: నష్టం ఎక్కువగా ఉంది. కిడ్నీ డాక్టర్‌ను కలవాలి.

ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన బెంబేలు పడొద్దు. జ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, నెలసరి, ముందురోజు చేసిన కఠిన వ్యాయామం వల్ల కూడా తాత్కాలికంగా పెరగొచ్చు. అందుకే మూడు నుంచి ఆరు నెలల వ్యవధిలో మూడుసార్లు చూసి, వాటిలో రెండుసార్లు ఎక్కువగా ఉంటేనే నిర్ధరిస్తారు.

టైప్-2 మధుమేహం ఉన్నవాళ్లు జబ్బు బయటపడిన రోజు నుంచే ఏటా ఈ పరీక్ష చేయించుకోవాలి. టైప్-1 వారైతే ఐదేళ్ల తర్వాత నుంచి. బీపీ ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నవారు కూడా చేయించుకోవటం మంచిది.

సుద్ద పోతోందని తేలితే చేయగలిగింది చాలా ఉంది. రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటి బీపీ మందులు కిడ్నీ జల్లెడ మీద ఒత్తిడిని తగ్గించి, సుద్ద పోవటాన్ని తగ్గిస్తాయి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి కొత్త రకం మందులు కిడ్నీ జబ్బు ముదిరే వేగాన్ని తగ్గిస్తాయి. ఎవరికి ఏది, ఎంత మోతాదులో అన్నది డాక్టర్ నిర్ణయించాలి. చక్కెర, బీపీల అదుపు ఎలాగూ తప్పదు. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా మించకూడదు. కూరలో ఉప్పు తగ్గించి పక్కన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ వేసుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలను మందుల షాపులో కొని రోజుల తరబడి మింగటం కిడ్నీలకు చేటు.

ఉద్దానం నేర్పిన పాఠం

అలాగని మూత్ర పరీక్ష ఒక్కటే చాలనుకోవద్దు. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడి తోటల మధ్య ఉండే ఉద్దానం ప్రాంతాన్నే చూడండి. కవిటి, సోంపేట వంటి మండలాల్లో మధుమేహం గానీ, బీపీ గానీ లేనివారు కూడా కిడ్నీ జబ్బు బారిన పడుతున్నారు. దీనికి కచ్చితమైన కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఇలాంటి జబ్బే శ్రీలంకలోని వరి సాగు ప్రాంతాల్లో, మధ్య అమెరికాలోని చెరుకు తోటల కూలీల్లోనూ కనబడుతోంది. ఈ రకం జబ్బులో వడపోత జల్లెడ కంటే గొట్టాలు, వాటి చుట్టూ ఉండే కణజాలం ఎక్కువగా దెబ్బతింటాయి. కాబట్టి సుద్ద అంతగా పోదు. అందుకే మూత్రంలో ఏసీఆర్, రక్తంలో క్రియాటినిన్‌తో ఈ-జీఎఫ్‌ఆర్.. రెండూ కలిపి చూస్తేనే చిత్రం పూర్తవుతుంది.

రంగును చూసి ఏం తెలుసుకోవచ్చు?

* లేత పసుపు: ఎండుగడ్డి రంగు. ఒంట్లో నీరు తగినంత ఉందని అర్థం.
* నీళ్లలా తెల్లగా: నీళ్లు ఎక్కువ తాగినప్పుడు ఇలా ఉంటుంది. అదే పనిగా దాహం వేస్తూ, రోజుకు మూడు లీటర్లకు మించి పోతుంటే చక్కెర చూపించుకోవాలి.
* చిక్కటి పసుపు: నీళ్లు తక్కువయ్యాయి. బి-కాంప్లెక్స్ మాత్రలు వేసుకున్నా మెరిసే పసుపు రంగులో వస్తుంది. భయం లేదు.
* నురగ కూడా పచ్చగా ఉండే ముదురు పసుపు: కళ్లు పచ్చబడ్డాయేమో చూడండి. కామెర్లు కావచ్చు.
* నారింజ, ఎరుపు: బీట్‌రూట్ తిన్నా, క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నా ఇలా రావొచ్చు. అలాంటివేమీ లేకపోతే రక్తమేమోనని అనుమానించాలి. నొప్పితో రక్తం పడితే రాళ్లు, ఇన్‌ఫెక్షన్ వంటివి కారణం కావచ్చు. నొప్పి లేకుండా పడితే మరింత జాగ్రత్త. ముఖ్యంగా నలభై దాటినవారు, పొగ తాగేవారు. ఒక్కసారే కనబడి ఆగిపోయినా తాత్సారం చేయొద్దు. మూత్రాశయ క్యాన్సర్ తొలి గుర్తు ఇదే కావచ్చు.
* టీ డికాషన్ రంగు: గొంతునొప్పి, చర్మం మీద పుండ్లు వచ్చిన కొన్ని వారాలకు పిల్లల్లో ఇలా మారి, ముఖం వాస్తే కిడ్నీ వాపు కావచ్చు. అలవాటు లేని కఠిన వ్యాయామం చేశాక ఒళ్లు నొప్పులతో ఇలా వస్తే కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద భారం పడుతోందని అర్థం. రెండూ అత్యవసరమే.
* మబ్బుగా, వాసనతో: మంట, జ్వరం కూడా ఉంటే ఇన్‌ఫెక్షన్ కావచ్చు.
* పాలలా తెల్లగా: బోదకాలుకు కారణమయ్యే ఫైలేరియా వల్ల కొందరిలో ఇలా రావొచ్చు.

ఇక నురగ సంగతి. ధార వేగంగా పడినా, కమోడ్‌లో శుభ్రం చేసే ద్రవం మిగిలి ఉన్నా బుడగలు వస్తాయి. అవి కాసేపటికే పోతాయి. సబ్బు నురగలా రోజూ కనబడుతూ, ఎంతకీ పోకుండా ఉంటే సుద్ద పోతోందేమో చూపించుకోవాలి. అలాగని నురగ లేదు కాబట్టి సుద్ద లేదనుకోవటమూ తప్పే. తొలిదశలో నురగ ఏమీ కనిపించకపోవచ్చు. పరీక్ష అవసరమయ్యేది అక్కడే.

పిల్లలు పొద్దున్న నిద్ర లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బి కనిపిస్తుంటే ‘ఏదో పడలేదులే’ అని అలర్జీ మందు వేసి ఊరుకోవద్దు. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో వాపు ఇలాగే మొదలవుతుంది. ఒక్క మూత్ర పరీక్షతో సంగతి తేలిపోతుంది. గర్భిణులకు ప్రతి చెకప్‌లోనూ మూత్ర పరీక్ష చేయటానికీ కారణముంది. ఐదో నెల దాటాక బీపీ పెరిగి, మూత్రంలో ప్రోటీన్ కనబడితే అది తల్లికీ బిడ్డకూ ముప్పు తెచ్చే గుర్రపు వాతానికి దారి తీయొచ్చు.

రిపోర్టు చేతికొచ్చాక..

* ప్రోటీన్: ‘నిల్’ ఉండాలి. ‘ట్రేస్’ అని ఉంటే ఏసీఆర్ చేయించుకోవాలి.
* షుగర్: రక్తంలో గ్లూకోజు సుమారు 180 దాటితే మూత్రంలోకి వస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వేసుకునేవారిలో మాత్రం చక్కెర అదుపులో ఉన్నా మూత్రంలో కనబడుతుంది. ఆ మందు పనిచేసే తీరే అది. కంగారు పడొద్దు.
* కీటోన్లు: ఉపవాసమున్నా రావొచ్చు. మధుమేహులకు వాంతులు, ఆయాసంతో పాటు ఇవీ ఉంటే ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.
* చీము కణాలు: 5 వరకూ మామూలే. మంట, జ్వరం ఏమీ లేకుండా కాస్త పెరిగాయని సొంతంగా యాంటీబయాటిక్స్ కొనుక్కోవద్దు. గర్భిణుల విషయంలో మాత్రం బాధలు లేకున్నా డాక్టర్‌కు చూపించాలి.
* ఎర్ర రక్తకణాలు: రెండు మూడుకు మించి ఉంటే, కంటికి ఎరుపు కనబడకపోయినా కారణం వెతకాలి.
* ఎపిథీలియల్ కణాలు: ఎక్కువుంటే నమూనా సరిగా పట్టలేదని అర్థం. మళ్లీ ఇవ్వటం మేలు.
* స్ఫటికాలు: కొద్దిగా కనబడినంత మాత్రాన రాళ్లున్నట్టు కాదు.

నమూనా ఎలా పట్టాలి?

సగం తికమకలు నమూనా సరిగా పట్టకపోవటంతోనే వస్తుంటాయి. ముందు మూత్రద్వారం దగ్గర నీళ్లతో శుభ్రం చేసుకోవాలి. మొదట వచ్చే మూత్రాన్ని కొద్దిగా వదిలేసి, మధ్యలో వచ్చేదాన్ని డబ్బాలో పట్టాలి. డబ్బా లోపలి వైపు చేత్తో తాకొద్దు. ల్యాబ్ ఇచ్చిన డబ్బానే వాడాలి. ఇంట్లో ఉన్న పాత సిరప్ సీసా పనికిరాదు. గంటలోపు ల్యాబ్‌కు చేర్చాలి. వీలుకాకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. కల్చర్ పరీక్ష చేయమంటే యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే నమూనా ఇవ్వాలి. నెలసరి రోజుల్లో పరీక్షను వాయిదా వేసుకోవటం మంచిది.

నీళ్లు ఎన్ని తాగాలి?

అందరికీ ఒకటే లెక్క ఉండదు. మూత్రం లేత పసుపులో వస్తుంటే సరిపోతున్నట్టే. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు మాత్రం రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలి. ఎండలో పనిచేసేవారు ఇంకా ఎక్కువ తాగాలి. మరోవైపు గుండె వైఫల్యం, ముదిరిన కిడ్నీ జబ్బు ఉన్నవారు ఎక్కువ తాగితే నీరు ఒంట్లోనే నిలిచిపోతుంది. వీరికి ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి. ‘చలవ చేస్తుంది’ అని ఇష్టానుసారం కొబ్బరినీళ్లు తాగటం కూడా ముదిరిన కిడ్నీ జబ్బులో ప్రమాదమే. వాటిలోని పొటాషియం రక్తంలో పేరుకుని గుండె లయను దెబ్బతీయొచ్చు.

రోజంతా కలిపి 400 మిల్లీలీటర్ల కన్నా తక్కువ రావటం, పొట్ట ఉబ్బి బిగుసుకుపోయినా మూత్రం రాకపోవటం, చలిజ్వరంతో నడుము పక్కన నొప్పి.. వీటిలో ఏది కనిపించినా తెల్లారే దాకా ఆగొద్దు. మిగతావారు చేయాల్సింది సులువే. అమ్మకో, నాన్నకో, మీకో మధుమేహమో బీపీయో ఉంటే చక్కెర పరీక్షల పాత రిపోర్టులన్నీ ఒకసారి ముందేసుకోండి. గడిచిన ఏడాదిలో యూరిన్ ఏసీఆర్ ఎక్కడైనా ఉందేమో వెతకండి. లేకపోతే ఈసారి ల్యాబ్‌కు వెళ్లినప్పుడు రక్తంతో పాటు మూత్రం కూడా ఇచ్చి రండి.